శుక్రుని మబ్బులు వెలువరించు వేడిమి
(సాంస్కృతిక సంఘ సమావేశమున చేయబడిన ప్రసంగ పాఠము)



పంచాంగము చూచు నలవాటు గల యిండ్లలో శుక్రమూఢ మనగా నేమో యెఱుగనివారుండరు. శుక్రుడు సూర్యునికి మిక్కిలి చేరువకు వచ్చి కంటికి గానరాకుండ పోవు దినములవి. ఆ దినములలో పెండ్లిండ్లు తలపెట్టరు, గృహప్రవేశములు నిలిచిపోవును, పురోహితునకు పని తగ్గును. ఈ మూఢము రెండు విధములుగ వచ్చును. శుక్రుడు సూర్యునికి ఆవలి ప్రక్కన నున్నప్పుడు కలుగునది యొకటి. సూర్యునికిని భూమికిని నడుమ వచ్చినప్పుడు కలుగునది రెండవది. ఈ రెండవదానికి ముందు వెనుకల వచ్చు వారములు ఖగోళ శాస్త్రజ్ఞులలో నొక తెగవారికి మాత్రము శుభ ముహూర్తములే. ఏలయన, అప్పుడు శుక్రుడు భూమికి నాలుగైదు కోట్ల కిలోమీటర్ల దూరముననే యుండును. సన్నని నెలవంకవలె వెలుగుచు, తన చీకటి ముఖమును మనవైపునకు త్రిప్పి యుంచును. వారికి గావలసినది ఆ చీకటి ముఖమే. వెలుగు లేని ఆ ముఖము నుండి వచ్చు వేడిమిని కొలుచుట వారి పని.

వెలుగును విడిచి వేడిమి వెంట బడుటకు కారణము కలదు. శుక్రుని నేలను ఏ దూరదర్శినిలోను ఎవరును చూడలేదు. గ్రహమంతయు తెల్లని మబ్బులతో కప్పబడి యున్నది. ఆ ముసుగునకు ఎచ్చటను చిల్లి లేదు. సూర్యకాంతిలో నూటికి డెబ్బదియైదు పాళ్ల కంటె నెక్కువ భాగమును ఆ మబ్బులే తిరిగి ఆకాశమునకు పంపివేయును. వేగుచుక్క అంత దేదీప్యమానముగ నుండుట కిదియే హేతువు. అది సూర్యుడిచ్చిన వెలుగును తిరుగగొట్టుటయే గాని, శుక్రుడు తన విషయమును దానితో చెప్పుకొనుట లేదు. 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగ నడచినప్పుడు, విశాఖపట్టణమున అంకితము వెంకట నరసింగరావుగారు, తమ మామగారైన గోడె వెంకట జగ్గారావుగారు నెలకొల్పిన వేధశాల నుండి ఆ వింతను పరిశీలించిరి. తెలుగునాట ఖగోళ పరిశోధనకు అది గర్వింపదగిన దినము. కాని ఆనాడు ఇచ్చటను, ప్రపంచమున మఱెచ్చటను, కనబడినది నల్లని గుండ్రని నీడ మాత్రమే. సూర్యుని దూరమును లెక్కగట్టుటకు ఆ నీడ యుపకరించెను. శుక్రుని మబ్బుల క్రింద నేమున్నదో అది చెప్పజాలదు.

వేడిమి యట్లు గాదు. అది ఆ వస్తువు తనంత తాను వెలువరించునది. దోసె పెనము ఎఱ్ఱబడకున్నను, అరచేయి దాపునకు తెచ్చినంతనే దాని కాక తెలియును గదా. కంటికి గానరాని ఈ కిరణములను 1800లో విలియం హెర్షెల్ పండితుడు కనుగొనెను. గాజు పట్టకము ద్వారా సూర్యకాంతిని రంగులుగ విడదీసి, ఎఱుపునకు ఆవల నేమియు గానరాని చోట ఉష్ణమాపకము నుంచగా పాదరస మచ్చట పైకి లేచెను. పరారుణ కిరణము లనబడునవి యివియే. వస్తువు ఎంత చల్లనిదైనచో దాని కిరణముల తరంగదైర్ఘ్య మంత ఎక్కువగ నుండును. సుమారు 5,500 డిగ్రీల వేడి గల సూర్యుని కాంతి అర మైక్రాను చెంత అధికముగ నుండగా, మంచుకంటె చల్లనైన వస్తువు వెలువరించు వేడిమి పది, పండ్రెండు మైక్రానుల చెంత అధికముగ నుండును. మన భూమి వాయుమండలము పరారుణ కిరణములలో పెక్కింటిని మ్రింగివేయునుగాని, అదృష్టవశమున ఎనిమిదింటికిని పదునాలుగింటికిని నడుమనున్న మైక్రానుల చోట నొక కిటికీ తెఱచి యుంచినది. శుక్రుని మబ్బుల వేడిమి భూమికి జేరునది ఆ కిటికీ గుండనే.

ఆ కిటికీ నుండి తొంగి చూచినవారిలో ముఖ్యులు అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాలకు చెందిన ఎడిసన్ పెటిట్, సేథ్ నికల్సన్ అను నిరువురు. 1920 తరువాతి దశాబ్దమున వారు నూఱు అంగుళముల దర్పణము గల దూరదర్శినిని ఈ పనికి వినియోగించిరి. అదే కాలమున లోవెల్ వేధశాలయందు కోబ్లెంట్జ్, లాంప్లాండ్ అనువారును ఇదే పనికి పూనుకొనిరి. వారి పరికరము చూచుటకు చాల స్వల్పమైనది. రెండు వేర్వేఱు లోహముల సన్నని తీగెలను కొసల నతికి, గాలి తీసివేసిన చిన్న గాజుబుడ్డిలో నుంచెదరు. అతుకు వెచ్చబడినచో తీగెలలో నత్యల్పమైన విద్యుత్తు పాఱును. దూరదర్శిని కూర్చిన గ్రహకాంతిని ఆ అతుకుపై పడనిచ్చి, విద్యుత్తు ఎంత పాఱినదో సూక్ష్మమైన గాల్వనామీటరుతో చూచెదరు.

ఇందులోని చిక్కు వేఱొకటి. గ్రహము నుండి వచ్చు కిరణములలో కొంత సూర్యకాంతి తిరుగగొట్టబడినది, కొంత గ్రహము స్వయముగ వెలువరించినది. రెండును కలగలిసి వచ్చును. వీనిని వేఱుచేయుటకు వారు కనిపెట్టిన యుపాయము మెచ్చదగినది: త్రోవలో పలుచని నీటి పొర నడ్డముంచిరి. నీరు వెలుగును పోనిచ్చును. గ్రహపు వేడిమిని పోనీయదు. నీరున్నప్పుడు వచ్చిన కొలతను, నీరు లేనప్పుడు వచ్చిన కొలత నుండి తీసివేసినచో మిగిలినది వేడిమి పాలు. ఇట్టి పని యెంతటి యోర్పుతో గూడినదో ఊహింపవచ్చును. ఆకాశమే వెచ్చన, అద్దము వెచ్చన, గదిలోని మనిషియు వెచ్చన. వీనియన్నిటి నడుమ కోట్ల కిలోమీటర్ల దూరపు కాకను ఏఱుకొనవలెను.

వచ్చిన ఫలితము రెండు విధముల విస్మయకరముగ నుండెను. శుక్రుడు సూర్యునికి భూమికంటె దగ్గఱ. అతనికి ప్రతి చదరపు మీటరునకు అందు సూర్యకాంతి మనకందుదానికి ఇంచుమించు రెండింతలు. అయినను కొలతలో తేలిన ఉష్ణోగ్రత సున్నకు దిగువ ముప్పదియైదు సెంటీగ్రేడు డిగ్రీల ప్రాంతము; హిమాలయ శిఖరముల చలి! ఇక రెండవ వింత: పగటి భాగమునకును రాత్రి భాగమునకును చెప్పుకోదగిన తేడా లేదు. రాత్రి ముఖము పగటి ముఖమువలెనే యున్నది. గాలి లేని చంద్రునిపై రాత్రి యైనంతనే వేడి రమారమి మూడువందల డిగ్రీలు పడిపోవుట ఎఱిగిన వారికి ఇది మింగుడుపడలేదు. రాత్రి భాగము చల్లారలేదన్నచో రాత్రి దీర్ఘమైనది కాదేమో, గ్రహము చాల నెమ్మదిగ తిరుగుట లేదేమో యని పలువురు తలచిరి.

కొలతలో దోషము లేదు. ఆ సంఖ్య నేటికిని నిలిచియున్నది. కాని ఆ కొలత దేనిదను ప్రశ్న యొకటి యున్నది. ముసుగు వేసికొన్న మనిషి దేహము వేడి చూడబోయి ముసుగు వేడి చూచినట్లు, ఉష్ణయుగ్మము చెప్పినది మబ్బుల పైపొర సంగతి. ఆ పొర నేలకు అఱువది, డెబ్బది కిలోమీటర్ల ఎత్తున నున్నదని ఆనాటివారికి తెలియదు. క్రింద నేమున్నదో ఎవరికి తోచినట్లు వారు ఊహించుకొనిరి. నోబెల్ బహుమానము పొందిన స్వీడన్ పండితుడు అర్హీనియస్ 1918లో శుక్రుని తడిసి ముద్దయైన చిత్తడి యడవులుగ వర్ణించెను. 1955లో సైతము విపుల్, మెంజెల్ అను ప్రఖ్యాత శాస్త్రజ్ఞులు నేలను మహాసముద్రము కప్పియుండునని వాదించిరి. మబ్బులన్నచో నీరు, నీరన్నచో సముద్రము. తర్కము వినుటకు సొంపుగనే యున్నది. 1932లో ఆడమ్స్, డన్‌హామ్ అనువారు శుక్రుని వర్ణపటమున బొగ్గుపులుసు వాయువును విస్తారముగ కనుగొన్న సంగతియు, 1940లో రూపర్ట్ విల్ట్ ఆ వాయువు వేడిని బంధించుటచేత నేల ఉష్ణోగ్రత నీరు మరగు స్థితిని మించియుండవచ్చునని లెక్కగట్టిన సంగతియు చాలమంది చెవికెక్కలేదు.

1956లో అసలు తగవు వచ్చిపడినది. వాషింగ్టనులోని నౌకాదళ పరిశోధనశాల యందు మేయరును, అతని సహచరులును మూడు సెంటీమీటర్ల రేడియో తరంగములలో శుక్రుని ఆలకించిరి. రేడియో తరంగములకు మబ్బులడ్డము గావు. ఆ తరంగముల బలమునుబట్టి తేలిన ఉష్ణోగ్రత మూడువందల డిగ్రీలకు పైబడినది. ఒకే గ్రహము, రెండు సాక్ష్యములు. ఒకటి మైనస్ ముప్పదియైదు, మఱొకటి ప్లస్ మూడువందలు! ఒకరు చెప్పినది నిజమైనచో మఱొకరిది అబద్ధము కావలసిన పనిలేదు. కాని ఆ వేడి యే చోటిదో తేలవలెను. అది నేల వేడియే కావచ్చునని కొందఱు, కాదు, గ్రహము పైనున్న విద్యుదావేశపు పొరలో జనించిన తరంగములు వేడివలె భ్రమ గొలుపుచున్నవని కొందఱు. రెండవ మాట నిజమైనచో క్రింద సముద్రము నింకను నిలుపుకొనవచ్చును. సముద్రముతో బాటు ప్రాణికోటి ఆశను గూడ.

ఈ తగవు తీర్చిన యుక్తి సులభమైనది. ఉదయించు సూర్యుని కన్నార్పక చూడగలము, నడినెత్తి సూర్యుని చూడలేము. దిగంతమున చూపు గాలిలో ఏటవాలుగ చాల దూరము పోవలసి యుండుటయే కారణము. గ్రహబింబపు అంచును చూచునప్పుడును అట్లే చూపు ఎక్కువ వాయువు గుండ పోవును. వేడి నేలదై, దానిపై చల్లని వాయువు కప్పియున్నచో అంచు మందగించి కనబడవలెను. వేడి పైనున్న పలుచని పొరదైనచో అంచున ఆ పొర దట్టమై మఱింత ప్రకాశింపవలెను. అంచు మసకయా, మెఱపా? ఇదే ప్రశ్న. ఆనాడు భూమి మీద నున్న రేడియో దూరదర్శినులకు శుక్రుడొక చుక్క మాత్రమే. అంచును వేఱుగ చూచు శక్తి వానికి లేకుండెను.

అందుచేత పరికరమునే అచ్చటికి పంపిరి. 1962 ఆగస్టు 27న బయలుదేఱిన మెరైనర్-2 అను అమెరికా నౌక, డిసెంబరు 14న శుక్రునికి సుమారు 34,800 కిలోమీటర్ల దూరమున సాగిపోయెను. మానవుడు పంపిన నౌక వేఱొక గ్రహము చెంత నుండి కొలతలు పంపుట అదియే మొదటిసారి. అందొక పరారుణ మాపకము, ఒక రేడియో మాపకము, రెండును ఒకేచోట బిగింపబడి, గ్రహమును మూడు మాఱులు అడ్డముగ తడవి చూచినవి: రాత్రి ముఖమున నొకటి, పగటికిని రాత్రికిని సరిహద్దున నొకటి, పగటి ముఖమున నొకటి. రేడియో మాపకము అంచు మసకయని చెప్పెను. పరారుణ మాపకము మబ్బుల పైభాగము చల్లగనే యున్నదనియు, పగలు రాత్రి భేదము లేదనియు, మబ్బులలో ఎచ్చటను సందు లేదనియు చెప్పెను. పెటిట్, నికల్సనుల సంఖ్య నిలిచినది, సముద్రము ఇంకిపోయినది. 1970 డిసెంబరు 15న సోవియట్ నౌక వెనెరా-7 నేలను దాకి 475 డిగ్రీల వేడిని స్వయముగ కొలిచి పంపెను. అచ్చట సీసము కరగి పాఱును. గాలి పీడనము మన యొత్తిడికి తొంబది యింతలు. మబ్బులో నున్నది నీరు గాదు, గాఢమైన గంధకామ్లపు తుంపరలు.

ఇచ్చట ఒక చిన్న లెక్క చూడదగును. మబ్బులు సూర్యకాంతిని త్రిప్పిపంపగా శుక్రుడు గ్రహించునది చదరపు మీటరునకు సగటున 160 వాట్లు మాత్రమే. భూమి గ్రహించునది 240. అనగా సూర్యునికి చేరువనున్న శుక్రుడు భూమికంటె తక్కువ వేడినే పుచ్చుకొనుచున్నాడు! పుచ్చుకొన్నంతయు తిరిగి వెలువరింపవలెను గనుక మబ్బులు అంతే వెలువరించుచున్నవి; మైనస్ ముప్పదియైదు, నలువదిల చలి ఆ లెక్కకు సరిపోవును. కాని క్రింద 460 డిగ్రీల నేల ప్రతి చదరపు మీటరు నుండి ఇంచుమించు 16,500 వాట్లు పైకి చిమ్ముచున్నది. నూటికి తొంబదితొమ్మిది పాళ్లను నడుమనున్న బొగ్గుపులుసు వాయువును, మబ్బులును అడ్డగించి క్రిందికే మఱలించుచున్నవి. ఇట్లు రాబడి తక్కువైనను ఖర్చుకు త్రోవ లేక వేడి పేరుకొన్నది. జీతము చిన్నదైనను ఖర్చే లేని గృహస్థుని పెట్టెవలె నన్నమాట. అట్టి గృహస్థు మన వసతిగృహములలో అరుదు గనుక ఉపమానము నమ్మశక్యము గాకపోవచ్చును.

పగలు రాత్రి ఒకటిగ నుండుటకు కారణమును తరువాత తెలిసినది. 1960 తరువాతి రాడారు పరిశోధనలు శుక్రుడు 243 దినముల కొకసారి, అదియును తూర్పు నుండి పడమటికి విలోమముగ, తిరుగుచున్నాడని తేల్చినవి. నేల ఇంత మందగమనముతో నుండగా మబ్బుల పైభాగము నాలుగు దినములకే గ్రహమును చుట్టివచ్చుచున్నది. సెకనుకు నూఱు మీటర్ల గాలి. 1920ల నాటివారు రాత్రి వేడిని చూచి గ్రహము వడిగ తిరుగుచున్నదని చేసిన యూహ నేల విషయమున తప్పు. మబ్బుల విషయమున చూచినచో అంత తప్పుగాదు.

పయొనీర్ వీనస్ నౌక 1978లో శుక్రుని చుట్టుచు, మబ్బుల వేడిమిని చిత్రపటముగ గీచినది. ధ్రువము చుట్టు చల్లని పట్టెడ, దాని నడుమ రెండు వెచ్చని కన్నులవంటి సుడి. అది యటుండగా, 1983లో ఆస్ట్రేలియాలో అలెన్, క్రాఫర్డ్ అనువారు శుక్రుని రాత్రి ముఖమును ఒకటిన్నరకు పైన, రెండున్నరకు లోపలనున్న మైక్రానులలో చూడగా అనుకోని దృశ్యము కనబడెను. చీకటి ముఖముపై వెలుగు మచ్చలు! బొగ్గుపులుసు వాయువు అన్ని తరంగములను ఆపజాలదు; కొన్ని సన్నని సందులున్నవి. ఆ సందులలో దిగువపొరల వేడిమి పైకి కారుచున్నది. గోనెపట్టా వెనుక లాంతరు పెట్టినట్లు, దిగువ మబ్బు దట్టమైన చోట నలుపు, పలుచనైన చోట తెలుపు. ఎన్నడును చూడని దిగువమబ్బు నీడచిత్రమువలె కంటబడినది.

ఇక జపానువారి అకాత్సుకి కథ చెప్పవలెను. ఆ పేరునకు ప్రత్యూషమని యర్థము. వేగుచుక్కకు తగిన పేరు. 2010 మే 21న బయలుదేఱిన ఆ నౌక అదే సంవత్సరము డిసెంబరు 7న శుక్రుని చుట్టు కక్ష్యలో ప్రవేశింపవలసి యుండెను. ప్రధాన యంత్రము చెడి నౌక గురి తప్పి సూర్యుని చుట్టు తిరుగసాగెను. యంత్రమును బాగుచేయుట యసాధ్యము. దాని నిర్వాహకులు అయిదేండ్లు కాచుకొని, నౌకను అటునిటు త్రిప్పుటకు మాత్రమే యుద్దేశింపబడిన చిన్న చిమ్ముడు గొట్టములను ఇరువది నిమిషములు మండించి, 2015 డిసెంబరు 7న, సరిగ్గ అయిదేండ్లకు, అదే తేదీన, దానిని కక్ష్యలో నిలిపిరి. కార్యాలయపు దస్త్రములలో మూసివేయబడిన వ్యవహారమును తిరిగి తెఱచుట యెంత కష్టమో తెలిసినవారికి ఈ యోర్పు విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు.

నౌకలోని పరికరములలో నొకటి మబ్బుల వేడిమిని ఎనిమిది మొదలు పండ్రెండు మైక్రానులలో చిత్రించు కెమెరా. పెటిట్, నికల్సనులు తొంగిచూచిన కిటికీయే అది. కక్ష్యలో ప్రవేశించిన గంటలలోనే ఆ కెమెరా తీసిన చిత్రమున ఒక విచిత్రము గోచరించెను. ఉత్తరమునుండి దక్షిణమునకు పదివేల కిలోమీటర్ల పొడవున, విల్లువలె వంగిన తెల్లని వెచ్చని చాలు, దాని ప్రక్కనే చల్లని చాలు. గాలి సెకనుకు నూఱు మీటర్ల వడితో వీచుచున్నను, ఆ విల్లు దినముల తరబడి కదలలేదు. మబ్బులన్నియు కొట్టుకొనిపోవుచుండగా ఇది యేల నిలిచినది? క్రింద చూడగా అచ్చట ఆఫ్రొడైటి యను పేరుగల మహోన్నతమైన పీఠభూమి యున్నది. కాలువలో నొక బండరాయి మునిగియున్నచో నీరు దానిమీదుగ పోవుచు పైన నొక అలను నిలుపును. నీరు పోవుచుండును, అల నిలిచియుండును. అట్లే నేలపై గాలి కొండల మీదుగ పోవుచు లేపిన తరంగము అఱువదియైదు కిలోమీటర్లు పైకెక్కి మబ్బుల పైపొరను కొద్ది డిగ్రీలు వెచ్చజేసినది. 2017లో ప్రకటింపబడిన వివరణమిది. మబ్బుల వేడిమి మబ్బులది మాత్రమే, నేలను గూర్చి ఏమియు చెప్పదని నలువది యేండ్లు శ్రమపడి తెలిసికొన్న తరువాత, ఆ మబ్బుల వేడిమిలోనే నేలమీది కొండల ముద్ర కనబడినది.

ఆ కెమెరా చెప్పిన మఱొక సంగతి యింతకంటె గంభీరమైనది. పగలు రాత్రి సమానమని పూర్వులు చెప్పిన ఉష్ణోగ్రతలు ముమ్మాటికి సమానములు గావు. వందల కొలది చిత్రములను కూర్చి చూడగా కొద్ది డిగ్రీల హెచ్చుతగ్గు క్రమముగ, సూర్యుని ననుసరించి, అలవలె సాగుచున్నట్లు తేలినది. సముద్రపు పోటుపాటులవంటి ఈ వేడి అలలే మధ్యరేఖ ప్రాంతమున ఆ ప్రచండ వాయువునకు బలమిచ్చుచున్నవని 2020లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. పగటివేళ మబ్బులు ధ్రువముల వైపునకును, రాత్రివేళ మధ్యరేఖ వైపునకును జరుగుచున్నవని 2021లో తెలిసినది. రాత్రి మబ్బులను వెలుగుతో చూడలేము గనుక వేడిమి తప్ప వేఱు సాక్షి లేదు. 2024 ఏప్రిలులో ఆ నౌకతో సంబంధము తెగిపోయెను. 2025లో దాని పనిని ముగించిరి.

2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గము శుక్రునికి భారతీయ నౌకను పంపు పథకమునకు ఆమోదము తెలిపినది. దానికి కేటాయించినది 1,236 కోట్ల రూపాయలు. ప్రయోగమునకు నిర్ణయించినది 2028 మార్చి. అందు ఉంచదలచిన పరికరముల పట్టికలో శుక్రుని వేడిమిని చిత్రించు కెమెరా యొకటి, మబ్బులను గమనించు కెమెరా మఱొకటి కలవు. అవి పనిచేయనారంభించు నాటికి జగ్గారావుగారి వేధశాల నుండి ఆ నల్లని నీడను చూచి నూటయేబది యేండ్లు దాటియుండును.